ఫార్మాట్ చెయ్యమంటారా?

కొత్త ల్యాప్‌టాప్ కొన్న ఆనందం నాకు సరిగ్గా మూడు గంటలుంది. నాలుగో గంటలో అమ్మ బీరువాలోంచి పాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తీసుకొచ్చి, "ఒరేయ్, ఇందులో తాతయ్య గొంతుందిరా, పెట్టు, అందరం విందాం" అంది.

సంగతేంటంటే, 2010లో అన్నయ్య ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉండగా సెలవులకి అవనిగడ్డ దగ్గర అమ్మమ్మగారి ఊరు వెళ్ళాం. వాడు తాతయ్యని అరుగు మీద కూర్చోబెట్టి, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన కథంతా చెప్పించి ఫోన్లో రికార్డు చేశాడు. నలభై నిమిషాలు. నేనప్పుడు ఏడో తరగతి. పక్కనే కూర్చుని జామకాయలు తింటూ సగం కూడా వినలేదు. 2013లో తాతయ్య పోయారు. ఆ ఫోనూ పోయింది. మిగిలింది ఈ 320 జీబీ డిస్కు ఒక్కటే. రెండో కాపీ లేదు. (అవును, ఇద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్ళున్న ఇంట్లో బ్యాకప్ లేదు. తిట్టకండి.)

కొత్త ల్యాప్‌టాప్‌కి ఉన్నవన్నీ టైప్-సి పోర్టులే. డిస్కుదేమో పాతకాలం కేబుల్. మధ్యలో నాలుగు వందలు పెట్టి కొన్న ఒక హబ్బు. తగిలించగానే డిస్కు లైటు వెలిగింది, లోపల ఏదో తిరగబోయింది, టిక్ అంది, ఆగింది. మళ్ళీ తిరగబోయింది, టిక్. అమ్మ మొహంలోకి చూడలేకపోయాను. హబ్బు మార్చి, కేబుల్ మార్చి నానా తంటాలు పడ్డాక డిస్కు తిరిగింది. హమ్మయ్య అనుకునేలోపు తెర మీద ఒక పెట్టె వచ్చింది. ఈ డిస్కుని వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా? అని.

వెనకనుంచి అమ్మ, "అదే అడుగుతోంది కదరా, చెయ్యమను" అంది.

ఆ రోజు నా వేలు ఆగింది కాబట్టి ఇది రాస్తున్నాను. తర్వాత వారం రోజులు అసలిలా ఎందుకు జరుగుతుందో చదువుతూ కూర్చున్నా. నాకర్థమైంది ఇదీ: కొత్త ల్యాప్‌టాప్ పాత డిస్కుని గుర్తించనప్పుడు చాలాసార్లు రెండిట్లో ఏదీ చెడిపోయి ఉండదు. వాటి మధ్య మాట కలవదు, అంతే. ఎక్కడ కలవలేదో కనుక్కోవాలంటే ఆ మాటలు ఎప్పుడు, ఎవరు, ఏ అవసరానికి కుదుర్చుకున్నారో తెలియాలి. అంటే ట్రబుల్‌షూటింగ్‌కి కాస్త చరిత్ర కావాలన్నమాట.

మొదటి మాట, కరెంటు గురించి.

1990ల మొదట్లో కంప్యూటర్ వెనక్కి తిప్పి చూస్తే చిత్తూరు సంతలా ఉండేది. కీబోర్డుకొకటి, మౌసుకొకటి, మోడెమ్‌కి సీరియల్ పోర్టు, ప్రింటర్‌కి పేరలల్ పోర్టు. లోపల కార్డు పెట్టాలంటే జంపర్లు మార్చాలి. ఒక కార్డు ఐఆర్‌క్యూ ఇంకో కార్డు ఐఆర్‌క్యూతో తగువు పడితే సౌండ్ వస్తే ప్రింటర్ రాదు, ప్రింటర్ వస్తే సౌండ్ రాదు. బయట డిస్కు కావాలంటే స్కజీ అనే ఒక ఖరీదైన తీగ ఉండేది. 1986లో ప్రమాణంగా ఖరారైంది. ప్రతి పరికరానికీ ఒక నంబరు ఇవ్వాలి, వరస చివర టెర్మినేటర్ పెట్టాలి. మర్చిపోతే ఆ రోజుకి అంతే.

ఈ గోల తీర్చడానికి కాంపాక్, డెక్, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్ఈసీ, నార్టెల్ అనే ఏడు కంపెనీలు కలిసి 1996 జనవరిలో యూఎస్‌బీ 1.0 తెచ్చాయి. ఇంటెల్లో ఆ పనికి ముందున్నవాళ్ళలో ఒకరు అజయ్ భట్, బరోడాలో ఇంజనీరింగ్ చదివినాయన. యూఎస్‌బీ ప్లగ్గు మొదటిసారి ఎప్పుడూ సరిగ్గా దూరదని మనందరం తిట్టుకుంటాం కదా. ఎటు తిప్పినా దూరేలా చేస్తే తీగలూ సర్క్యూట్లూ పెరిగి ఖర్చెక్కువవుతుందని అప్పట్లో వదిలేశామని ఆయనే తర్వాత చెప్పారు. ఆ ముచ్చట తీరడానికి 2014లో టైప్-సి వచ్చేదాకా ఆగాల్సొచ్చింది.

యూఎస్‌బీ రాగానే అన్నీ బాగుపడిపోలేదు. 1998 ఏప్రిల్ 20న చికాగో కామ్‌డెక్స్‌లో బిల్ గేట్స్ పక్కన నిలబడి ఉండగా, ఆయన సహోద్యోగి విండోస్ 98కి ఒక స్కానర్ తగిలించాడు. తగిలిస్తే చాలు పనిచేస్తుందని చూపించడమే అక్కడ ఉద్దేశం. తగిలించగానే జనం ముందే నీలి తెర వచ్చింది. హాలంతా నవ్వులు. మన డెమోలు ఫెయిలైనప్పుడు తలుచుకుని ధైర్యం తెచ్చుకోవాల్సిన ఘట్టం ఇది. అదే ఏడాది ఆగస్టులో ఆపిల్ ఐమాక్ వచ్చింది. పాత పోర్టులన్నీ పీకేసి, ఫ్లాపీ కూడా తీసేసి, యూఎస్‌బీ మాత్రమే ఉంచారు. వేరే దారి లేక పరికరాల కంపెనీలన్నీ ఇటు తిరిగాయి.

ఇక్కడే మా డిస్కు టిక్కుటిక్కుకి మూలం ఉంది. యూఎస్‌బీ పుట్టినప్పుడు వాళ్ళ మనసులో ఉన్నవి కీబోర్డులూ మౌసులూ. అందుకే పరికరానికి ముందు 100 మిల్లీ ఆంపియర్లు, అడిగి ఒప్పించుకుంటే గరిష్ఠంగా 500. అయిదు వోల్టుల దగ్గర అంటే రెండున్నర వాట్లు. 2000లో యూఎస్‌బీ 2.0 వేగాన్ని 12 నుంచి 480 మెగాబిట్లకి పెంచింది కానీ కరెంటు అంతే ఉంచింది. వేగం పెరిగాక జనం హార్డ్ డిస్కులు తగిలించడం మొదలెట్టారు. డిస్కు అంటే మోటారు. 1956లో ఐబీఎం మొట్టమొదటి హార్డ్ డిస్క్ ర్యామాక్‌లో 24 అంగుళాల పళ్ళేలు యాభై తిరిగేవి. ఇప్పుడు రెండున్నర అంగుళాల పళ్ళెం ఒకటో రెండో. ఎంత చిన్నదైనా ఆగి ఉన్నదాన్ని తిప్పాలంటే మొదటి ఒకటి రెండు సెకన్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. చాలా డిస్కులకి అది ఒక ఆంపియర్ దాకా వెళ్తుంది. రూలు ప్రకారం ఇవ్వాల్సింది 500. మరి ఇన్నాళ్ళూ ఎలా నడిచాయంటే, పాత ల్యాప్‌టాప్‌లు చాలావరకు రూలు కంటే కాస్త ఎక్కువే ఇచ్చి ఊరుకునేవి. చాలకపోతే రెండు పోర్టుల్లో గుచ్చే రెండు తలల కేబుల్ ఉండేది, గుర్తుందా? అది అందుకే.

2008లో యూఎస్‌బీ 3.0 ఆ 500ని 900 చేసింది. అయితే ఒకే పోర్టుకి హబ్బు తగిలించి దానికి మౌసూ, పెన్‌డ్రైవూ, డిస్కూ అన్నీ గుచ్చితే ఆ వచ్చే కరెంటునే అన్నీ పంచుకోవాలి. మా ఇంట్లో జరిగిందదే. మోటారు లేవబోయి, వోల్టేజి పడిపోయి, ఆగిపోయి, మళ్ళీ మొదలు. సొంత అడాప్టర్ ఉన్న హబ్బు పెట్టి, పొట్టి కేబుల్ వాడితే చక్కగా తిరిగింది. ఒక హెచ్చరిక మాత్రం. సరిపడా కరెంటు ఇచ్చాక కూడా టిక్కుటిక్కుమంటుంటే అది హెడ్డు దెబ్బతిన్న శబ్దం కావచ్చు. 1990ల చివర్లో జిప్ డ్రైవులు వాడినవాళ్ళకి ఆ చావు టిక్కు బాగా తెలుసు. దాని మీద 1998లో అమెరికాలో దావా కూడా పడింది. అలాంటప్పుడు ఇంకో పదిసార్లు ప్రయత్నించకుండా తీసి పక్కన పెట్టి, డేటా రికవరీ వాళ్ళకి ఇవ్వడమే మేలు. డబ్బా విప్పి లోపలి డిస్కు తీద్దామనుకునేవాళ్ళకి ఇంకో మాట: కొన్ని డబ్బాల్లో మధ్యనుండే చిప్పే డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఇంకొన్నిట్లో డిస్కు బోర్డు మీదే యూఎస్‌బీ సాకెట్ ఉంటుంది. విప్పినా ప్రయోజనం ఉండదు.

రెండో మాట, భాష గురించి. నాకు తెగ నచ్చింది ఇదే. యూఎస్‌బీ డిస్కులకి ఆదేశాల భాష కావాల్సి వస్తే కొత్తది కనిపెట్టలేదు. ఖరీదెక్కువని, టెర్మినేటర్ల గోలని వదిలించుకున్న ఆ స్కజీ ఆదేశాలనే యూఎస్‌బీ తీగలో చుట్టి పంపించారు. లినక్స్‌లో పెన్‌డ్రైవ్ పెడితే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని కనిపిస్తుంది కదా, అందులో ఎస్‌డీ అంటే స్కజీ డిస్కే! తీగ పోయింది, భాష మిగిలింది. డిస్కు తన పేరూ, సైజూ సరిగ్గా చెబుతోందంటే ఈ రెండో మెట్టు దాటినట్టే. మాది డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాదాపు 298 జీబీ అని చూపించింది. (320కి 298 ఏంటంటారా? అమ్మేవాళ్ళు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. మోసం కాదు.)

అంటే డిస్కు బతికే ఉంది. మరి ఫార్మాట్ చెయ్యమని ఎందుకంటోంది?

మూడో మాట, గదుల పంపకం. 1983లో పీసీ డాస్ 2.0 హార్డ్ డిస్కుని పార్టిషన్లుగా పంచే పద్ధతి తెచ్చింది. మనం ఎంబీఆర్ అనేది దాన్నే. డిస్కు మొదటి సెక్టారులో చిన్న పట్టిక, ప్రతి పార్టిషన్‌కీ అదే రకమో చెప్పే ఒక బైటు. ఒక్క బైటు కాబట్టి మొత్తం 256 రకాలే. అంత ఇరుకులో కూడా లినక్స్‌కి సొంతంగా ఒక సంఖ్య దొరికింది. ఎంబీఆర్‌తో సుమారు 2.2 టీబీ దాటలేం. అందుకని 1990ల చివర్లో ఇంటెల్ ఈఎఫ్ఐ పనిలో భాగంగా జీపీటీ పుట్టింది. ఇందులో రకం చెప్పడానికి ఏకంగా 128 బిట్లు. ఎన్ని రకాలు కావాలంటే అన్ని. తమాషా ఏంటంటే, ఇంత జాగా ఉండి కూడా చాలా ఏళ్ళపాటు లినక్స్ డేటా పార్టిషన్లకి సొంత సంఖ్య ఎవరూ తీసుకోలేదు. విండోస్ మామూలు డేటాకి వాడే సంఖ్యనే పెట్టేసేవారు. దానివల్ల ఇబ్బందులొచ్చాక పార్టిషన్ టూల్స్ రాసేవాళ్ళే కూర్చుని వేరే సంఖ్య ఖాయం చేశారు.

మా అన్నయ్య 2010లో ఉబుంటు పిచ్చిలో ఉన్నాడు. అందరూ పాతదే వాడుతుంటే నేను జీపీటీ వాడతానని, దాని మీద ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం పెట్టాడు. ఈ విషయం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నా ల్యాప్‌టాప్ వెళ్ళి చూస్తే, తలుపు మీద బోర్డేమో తనకి తెలిసిన పేరే. లోపల మాట్లాడే భాష తనకి రాదు. తన బోర్డే ఉండి లోపల ఏమీ అర్థం కావట్లేదంటే ఇల్లు ఖాళీ అని తేల్చేసుకుంది. ఖాళీ ఇంటికి సున్నం వేయించమంటారా అని మర్యాదగా అడిగింది. లోపల మా తాతయ్య కూర్చుని ఉన్నారు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. "ఓ, అదా! లినక్స్‌లో పెట్టరా" అన్నాడు, ఏదో నిన్న చేసిన పనిలా. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించి దాంతో బూట్ చేసి, డిస్కుని చదవడానికి మాత్రమే మౌంట్ చేశాను. అన్నీ ఉన్నాయి. రికార్డింగ్ ఏఎంఆర్ ఫైలు, ఆనాటి ఫోన్లు అందులోనే దాచేవి. వీఎల్‌సీలో పాడింది. ముందు కాపీ చేశాకే ప్లే నొక్కాను, ఆ మాత్రం బుద్ధి వచ్చింది.

తాతయ్య గొంతు కొంచెం బొంగురుగా, వెనక కోళ్ళ అరుపులతో. నీళ్ళు గుమ్మం దాటడం, ఊళ్ళో ఉన్న ఒక్క డాబా మీదకి పిల్లల్ని చేతులు మార్చుకుంటూ ఎక్కించడం, తెల్లారాక కిందకి దిగడానికి ఎవరికీ ధైర్యం చాలకపోవడం. ఆ పిల్లల్లో అమ్మ కూడా ఉందట. అది నాకా రోజు దాకా తెలియదు. సరిగ్గా అక్కడ మధ్యలో ఒక పిల్లాడి గొంతు "తాతయ్యా, ఉప్పు కారం ఏదీ?" అని అడిగింది. అది నేనే. అమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

కాబట్టి ఎవరికైనా ఇలాంటిది ఎదురైతే వరస ఇది. ముందు కరెంటు: కేబుల్ మార్చండి, హబ్బు తీసెయ్యండి, లేదా అడాప్టరున్న హబ్బు పెట్టండి. తర్వాత డిస్కు సైజు సరిగ్గా కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే పార్టిషన్, ఆ తర్వాత ఫైల్ సిస్టం. ఈ డిస్కు ఇంతకుముందు ఏ మెషీన్‌లో పుట్టి పెరిగిందో కనుక్కోండి, సగం జవాబు అక్కడే ఉంటుంది. అనుమానం ఉన్న డిస్కు మీద చెక్‌డిస్క్ లాంటి రిపేరు పనులు కాపీ తీశాకే. డిస్కు తిరిగినంతసేపు తిరగనిచ్చి ముందు డేటా బయటికి లాగండి.

ఇంకో మాట, ఇది మనకి మనం చెప్పుకోవాల్సింది. ఆ పెట్టెలోని వాక్యం రాసింది కూడా మనలాంటి ఇంజనీరే. తనకి అర్థం కాలేదని చెప్పాల్సిన చోట, ఏమీ లేదన్నట్టు రాశాడు. మనమూ రోజూ అలాంటి ఎర్రర్ మెసేజిలు రాస్తూనే ఉన్నాం. గడువు దగ్గర పడి, తెలియని కేసులన్నీ ఒకే డిఫాల్ట్‌లోకి తోసేసి, దాని కింద ఒక ఓకే బటన్ పెట్టేస్తాం. ఆ బటన్ నొక్కేది కోడ్ చదివినవాళ్ళు కాదు, "అదే అడుగుతోంది కదా, చెయ్యమను" అనే మన అమ్మలు. "ఇందులో ఏదో ఉంది కానీ నాకు చదవడం రాదు" అని రాయడానికి ఎంత కోడ్ పడుతుంది చెప్పండి?

ఇప్పుడు తాతయ్య మూడు చోట్ల ఉన్నారు. ఒకటి నా దగ్గర, ఒకటి అన్నయ్య దగ్గర, ఒకటి అమ్మ ఫోన్లో. పాత డిస్కు మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది. దాని మీద కాగితం అంటించి పెద్దక్షరాలతో రాశాను: లినక్స్ డిస్కు, ఫార్మాట్ చెయ్యొద్దు.