సంగీతం ఆగలేదు

రాత్రి పది దాటింది. మల్కాజ్‌గిరిలో మా అక్క వాళ్ళ ఇల్లు, రెండో అంతస్తులో చిన్న గది. మే నెల. కిటికీలోని కూలర్ తడిగడ్డి వాసనను గదిలోకి తోస్తోందే కానీ చల్లదనం జాడ లేదు. కంప్యూటర్ బల్ల ముందు మా మేనల్లుడు, వాడి వెనక ప్లాస్టిక్ కుర్చీలో నేను. మంచం అంచున మీకూ చోటుంది. ఛార్జర్ వైర్లు పక్కకు జరిపి కూర్చోండి.

"మస్తు ల్యాగ్ కొడ్తుంది మామా" అని వారం కింద ఫోన్ చేశాడు. ఆ ఒక్క మాట మీదే మూడు నెలలుగా వైద్యం నడుస్తోంది. రెండుసార్లు ఫార్మాట్ కొట్టారు. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను వీడు వారానికోసారి పీకి మళ్ళీ వేస్తున్నాడు. వీధి చివర షాపతను మూత కూడా తీయకుండానే "కార్డు పోయింది" అని తేల్చేశాడట. అందుకే అక్క గుమ్మం దగ్గరే నిలబడింది.

"నిజంగనే ముప్పై వేలు పెట్టాల్నారా?"

"ఆగక్కా. ముందు రోగమేందో తెల్వనీ."

ఆట మొదలైంది. కొండలు, కోటలు, గుర్రం మీద స్వారీ. తెర మూలన చిన్న గ్రాఫ్ పెట్టించాను. ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాముతో పాటు వచ్చే రివాట్యూనర్ పని అది. ఇన్నాళ్ళూ వీడు చూసింది పైన కనబడే అంకె ఒక్కటే, సెకనుకు 60 ఫ్రేములు. ఆ అంకెకేం, దివ్యంగా ఉంది. దాని కిందున్న గీతను చూడరా అన్నాను. సెకనుకు 60 అంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు. పది సెకన్లలో ఏదో ఒక ఫ్రేము 200 మిల్లీసెకన్లు మొండికేసినా సగటు 59 దగ్గరే ఉంటుంది. కంటికి మాత్రం నడుస్తున్న కాలికి ఎదురురాయి తగిలినట్టే. 2011లో టెక్ రిపోర్ట్ అనే వెబ్‌సైట్‌లో స్కాట్ వాసన్ పట్టుకున్నది ఇదే. సెకనుకు ఎన్ని అని లెక్కపెట్టడంతో ఆగక, ఆ సెకను లోపల ఒక్కో ఫ్రేముకు ఎంతసేపు పట్టిందో కొలిచి చూపించాడు. గ్రాఫిక్స్ కార్డుల సమీక్షలు రాసే తీరు ఆ తర్వాత మారింది.

గుర్రం కొత్త కోట ద్వారం దాటింది. గీత ఒక్కసారి నిట్టనిలువుగా లేచి పడింది. తెర జర్కు తింది.

"చూశినవా మామా! ఇదే!"

"వెనక్కి పోయి మళ్ళీ రా."

వెళ్ళాడు, వచ్చాడు. ఈసారి గీత కదల్లేదు. ఇంకోసారి తిప్పించాను. నిశ్చలంగా ఉంది.

మొదటిసారి మాత్రమే వచ్చే ఈ జర్కుకు కారణం షేడర్లు. ఒక గోడ మీద వెలుగు ఎలా పడాలో, నీళ్ళు ఎలా మెరవాలో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పే చిన్న చిన్న ప్రోగ్రాములు ఇవి. గేమ్ కన్సోల్ అయితే అందరి దగ్గరా ఒకే యంత్రం కాబట్టి కంపెనీయే ముందుగా వండి డబ్బాలో పెట్టి ఇస్తుంది. పీసీలో ఎవరి కార్డు వారిది, ఎవరి డ్రైవర్ వారిది. అందుకని చివరి వంట మన ఇంట్లోనే జరగాలి. కొన్ని ఆటలు ఆ పని మొదట్లోనే కూర్చుని పూర్తి చేసుకుంటాయి, కొన్ని విస్తరి ముందు కూర్చోబెట్టాక పొయ్యి వెలిగిస్తాయి. ఒకసారి వండినది డిస్కులో దాచుకుంటాయి గనుక రెండోసారి జర్కు ఉండదు. డ్రైవర్ మారిందా, దాచుకున్నదంతా చెల్లదు, మళ్ళీ మొదటి నుంచి వంట. ఫార్మాట్ కొడితే అదీ తుడిచిపెట్టుకు పోతుంది.

వీడు వారం వారం చేస్తున్నది అదే. జర్కు పోవడానికని డ్రైవర్ మార్చడం, మార్చినందుకు జర్కులు తిరిగి రావడం, వచ్చాయని ఇంకో డ్రైవర్. విషయం అర్థమయ్యాక వాడి మొహం చూడాలి మీరు.

"మరి మొత్తం ఆగిపోతది కదా, అది?"

అది వేరే రోగం. ఇద్దరు రోగులకు ఒకటే చీటీ రాస్తే వచ్చే తంటా ఇది. జర్కును, ఫ్రీజ్‌ను కలిపి ల్యాగ్ అని పిలుస్తున్నంతకాలం ఏ మందూ పనిచేసినట్టు కనబడదు.

ఇక ఎదురుచూపు. ఫ్రీజ్ మనం పిలిస్తే రాదు. వాడు ఆడుతూనే ఉన్నాడు, నేను అనుమానితుల్ని ఒక్కొక్కరినీ పిలుస్తున్నాను. ఎండాకాలం కదా, నా మొదటి అనుమానం వేడి మీద. ప్రాసెసర్ 74 డిగ్రీలు, కార్డు 71. ఇవేం ప్రమాదపు అంకెలు కావు. పైగా వేడెక్కిన ప్రాసెసర్ సాధారణంగా నడక మందగిస్తుంది, శిలలా నిలబడిపోదు. అయినా మనసొప్పక పక్క మూత తీసి, బ్రష్షుతో దుమ్ము దులిపి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి అరగంట పాడుచేశాను. ఒప్పుకోవాలి.

తర్వాతిది పాత కేసు. విండోస్ 11 టీపీఎం అనే భద్రతా ఏర్పాటు అడుగుతుంది. వీడిది లాంటి ఏఎండీ రైజెన్ యంత్రాల్లో దాన్ని ఫర్మ్‌వేర్‌లోనే అమర్చారు. అది మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌తో పని పెట్టుకున్నప్పుడు కొన్ని యంత్రాలు కాసేపు బిగుసుకుపోతున్నాయని 2022 మార్చిలో ఏఎండీయే ప్రకటించింది. ఆ ఏడాది మే నుంచి బయాస్ అప్‌డేట్లతో సరిచేయిస్తామంది. వీడి బయాస్ 2023ది. ఆ అనుమానితుణ్ణి వదిలేశాను. వదిలేస్తుంటే అడగాల్సిన ప్రశ్న ఒకటి తట్టింది. అలాంటి చోట యంత్రం మొత్తం బిగుసుకుంటుంది, శబ్దం కూడా ముక్కలవుతుంది.

"ఒరేయ్, ఆగిపోయినప్పుడు పాట ఆగుతదా?"

"ఏమో మామా. ఎప్పుడు చూడలే."

పదకొండు నలభై రెండు. వంతెన మీద గుర్రం ముందుకాళ్ళు గాల్లో ఉండగా తెర ఆగింది.

వాడు కీబోర్డు మీదికి చెయ్యెత్తాడు. పట్టుకుని ఆపాను. "ఏం నొక్కకు. విను."

కూలర్ చప్పుడు. దాని మీదుగా స్పీకర్లలో ఆట సంగీతం హాయిగా సాగిపోతోంది. డిస్కార్డ్‌లో వాడి దోస్తులు "ఎటు పోయినవ్ రా" అని అరుస్తున్నారు. యంత్రం చావలేదు. ఆట ఒక్కటే ఏదో అడిగి, అది అందక నోరు తెరుచుకుని నిలబడింది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కించాను. టాస్క్ మేనేజర్ టక్కున తెరుచుకుంది. విండోస్ ఉన్న సీ డ్రైవ్ ఖాళీగా కూర్చుంది. ఆటలన్నీ ఉన్న డీ డ్రైవ్ 100 శాతం పనిలో ఉన్నానంటోంది. పక్కన చదివే వేగం చూస్తే సున్నా. రాసే వేగం, అదీ సున్నా. ఊపిరాడనంత పని, జరిగిన పని మాత్రం లేదు. కొన్ని ఆఫీసులు గుర్తొచ్చాయి.

ఇరవై తొమ్మిది సెకన్లకు గుర్రం కాళ్ళు నేలకు ఆనాయి.

ఇప్పుడు ఈవెంట్ వ్యూయర్. సిస్టం లాగ్‌లో పదకొండు నలభై రెండుకు పసుపు త్రికోణం, సంఖ్య 129. డ్రైవ్ జవాబివ్వకపోతే రీసెట్ చేశానని విండోస్ రాసుకున్న మాట అది. దాని చుట్టూ 153లు, అంటే అడిగిందే మళ్ళీ అడగాల్సి వచ్చిందని. కిందికి జరుపుతూ పోతే ఇలాంటివి గుంపులు గుంపులుగా ఉన్నాయి, కానీ పన్నెండు రోజుల దగ్గర లాగ్ అయిపోయింది. చివరి ఫార్మాట్ అప్పుడే. మూడు నెలల సాక్ష్యాన్ని వీళ్ళే రెండుసార్లు కడిగేశారు.

ఫార్మాట్‌కు చెరగని దస్తావేజు ఇంకొకటుంది, డ్రైవ్ తన లోపల తానే రాసుకునేది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచాను. పైన "గుడ్" అని నీలిరంగులో ఉంది. ఆ మాట చూసి మూసేసేవాళ్ళే ఎక్కువ. నేను సీ7 వరుస దాకా దిగాను. అంకెల్ని హెక్స్ నుంచి మామూలు లెక్కలోకి మార్చాను.

1,846.

లారీలో బస్తాలతో పాటు లెక్క చీటీ వస్తుంది కదా. గోదాములో దించినవాడు లెక్కపెట్టి, చీటీతో కలవకపోతే సరుకు మళ్ళీ పంపమంటాడు. డ్రైవ్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ మీద నడిచే సమాచారానికీ అలాంటి చీటీ ఉంటుంది, పేరు సీఆర్‌సీ. లెక్క కలవని సార్లన్నీ సీ7లో పడతాయి. తేడా పుట్టేది చాలావరకు దారిలో, అంటే కేబుల్‌లోనో, అది గుచ్చుకునే చోటో. ఒకటీ అరా అయితే దేశంలో ఏ డ్రైవ్‌లోనైనా ఉండొచ్చు. 1,846 అంటే రోడ్డే బాగాలేదు.

స్విచ్ కట్టేసి, ప్లగ్గు పీకి, క్యాబినెట్ ఇనుమును ఓసారి తాకి రెండో వైపు మూత తీశాం. వైర్లు అందంగా దాచే వైపు అది. ఎర్రటి సాటా కేబుల్ మూత కింద నలిగి, కాగితం మడిచినట్టు మడత పడి ఉంది. డ్రైవ్ వైపు కొసకు పట్టుకునే క్లిప్పు లేదు. వేలితో ఇలా కదిపితే అలా ఊగింది. ఏడు తీగల పట్టీ, సెకనుకు ఆరు గిగాబిట్ల బరువు మోయాల్సినది.

అర్ధరాత్రి కేబుల్ ఎక్కడ దొరుకుతుంది? అక్క అప్పటికే స్టూలెక్కి అటక మీద నుంచి అట్టపెట్టె దించుతోంది. "మీ బావ ఏదీ పారెయ్యడు. తిడతనే ఉంటా." పెట్టె నిండా చచ్చిన మోడెములు, ఏదో పాత డీవీడీ డ్రైవ్, దాని నడుముకు రబ్బరుబ్యాండుతో చుట్టిన నల్ల సాటా కేబుల్. క్లిప్పు ఉంది. మడత లేదు. బిగిస్తే 'టిక్' మంది.

ఇంకేమీ మార్చలేదు. వాడు ఆ ఊపులో ర్యామ్ కూడా తీసి తుడుద్దామన్నాడు, వద్దన్నాను. రెండు మార్చితే ఏది నయం చేసిందో రేపు తెలియదు.

రెండున్నర దాకా ఆడాడు. కొత్త చోట్లకు వెళ్ళినప్పుడు జర్కు వస్తూనే ఉంది, రెండోసారి పోతూనే ఉంది. డ్రైవర్ జోలికి పోనని తల్లి మీద ఒట్టేశాడు. గుర్రం మాత్రం ఎక్కడా గాల్లో నిలబడలేదు. అక్క ఎప్పుడో నిద్రపోయింది.

సీ7 అంకె పెరుగుతుందే గానీ తగ్గదు. అందుకే ప్రతి ఆదివారం దాని ఫొటో పంపమన్నాను. ఆరు ఆదివారాలైంది. నిన్న వచ్చిన ఫొటోలో కూడా 1,846.