సెకండ్‌హ్యాండ్ రివాల్వరూ, దాని మీది మెరుపూ

మా ఊళ్ళో బండి కొంటే ముందు చేసే పని దాన్ని మల్లేశ్వరస్వామి గుడి ముందు ఆపడం. పెదకాకాని శివాలయంలో పూజ చేయించకపోతే ఆ బండి రోడ్డెక్కినట్టే కాదు. గుంటూరు నుంచీ, బెజవాడ నుంచీ కూడా తెస్తారు. కొత్త బండికైనా పాత బండికైనా టైర్ల కింద నిమ్మకాయలు పడాల్సిందే. అయితే పాత బండి గుడి దాకా రావాలంటే ముందు ఇంకో పరీక్ష ఉంది. తెలిసిన మెకానిక్కుని వెంటబెట్టుకెళ్ళి ఛాసిస్ నంబరూ, ఇంజను నంబరూ ఆర్‌సీతో సరిపోయాయో లేదో చూస్తారు. కొత్తగా రంగేసిన బండైతే ఇంకాస్త అనుమానంగా చూస్తారు. "రంగెందుకు వేయించావబ్బాయ్, ఎక్కడన్నా గుద్దావా?" అని అడగనివాణ్ణి మా వైపు నేను చూళ్ళేదు.

మొన్నామధ్య మా నాన్న ఫోన్ చేసి ఒక సెకండ్‌హ్యాండ్ సంగతి అడిగాడు. బండి కాదు, రివాల్వరు!

సంగతేంటంటే, 2014లో రాజధాని ప్రకటన వచ్చాక మా చుట్టుపక్కల గజం గజానికీ ధర పుట్టింది. దాంతోపాటే గట్టు తగువులూ పుట్టాయి. మాకున్న కాస్త చేనుకీ ఒకటి తగులుకుంది. రెండుసార్లు ఇంటి మీదికొచ్చి బెదిరించారు. నాన్న అర్జీ పెట్టుకున్నాడు, పోలీసు విచారణ అయింది, లైసెన్సు వచ్చింది. ఇప్పుడు కొనాలి. ఈ మధ్యే పోయిన ఒక పెద్దాయన రివాల్వరు డీలరు దగ్గర డిపాజిట్లో ఉందట. .32 వెబ్లీ, ఇంగ్లండు సరుకు. ఆయన బతికున్న రోజుల్లో దానికి నికెల్ పూత వేయించాడట. "వెండి గిన్నెలా మెరుస్తోందిరా. నువ్వు కంప్యూటర్లో చూసి చెప్పు, కొనొచ్చా?" అని అడిగాడు.

నాకు తుపాకుల గురించి తెలిసింది సినిమాల్లో చూసిందే. కానీ నాన్న అడిగాడు కదా అని కొన్ని వారాలు కూచుని చదివాను. చదివినకొద్దీ ఇది ఒక్క రివాల్వరు సంగతి కాదనిపించింది. మన దేశంలో తుపాకీ ఎవరి చేతిలో ఉండాలన్న నూట యాభై ఏళ్ళ తగువులో ఇదొక చివరి ముక్క.

మొదలు 1878లో. 1857 నాటి భయం ఇంకా పోని తెల్లదొరలు, లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం తెచ్చారు. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టం వచ్చిందీ అదే ఏడాది. ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడు తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. తెల్లవాళ్ళకి మొదట్లో ఆ బెడద లేదు, మినహాయింపు ఇచ్చారు. 1887 మద్రాసు కాంగ్రెసు మహాసభ నాటికే ఈ చట్టం మీద తీర్మానం పడింది. గాంధీ అంతటివాడు కూడా బ్రిటిష్ వాళ్ళు చేసిన చెడ్డ పనుల్లో జనాన్ని నిరాయుధుల్ని చెయ్యడం అన్నిటికన్నా చెడ్డదని 1918లో రాశాడు. అహింస చెప్పిన మనిషి ఆ మాట అనడం మొదట నాకు వింతగా అనిపించింది. ఆలోచిస్తే వింతేం లేదు. చేతిలో ఉండీ వాడకపోవడం వేరు, అసలు లేకపోవడం వేరు.

ఆ చట్టం కింద మా జిల్లా ఎలా ఉండేదో చూడాలంటే 1922కి వెళ్ళాలి. గుంటూరు దాటి దక్షిణానికెళ్తే పెదనందిపాడు. అక్కడ పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టం అన్నారు. వాళ్ళది శాంతిసేన, చేతిలో తుపాకీ కాదు కదా కర్ర కూడా లేదు. సర్కారు సాయుధ బలగాల్ని దింపింది. పల్నాడులో పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతుని అదే ఏడాది ఫిబ్రవరిలో పోలీసులు కాల్చి చంపారు. అప్పటి గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్. ఆగస్టులో అటు మన్యంలో అల్లూరి సీతారామరాజు వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడ్డాడు. పడింది దేనికోసం? తుపాకుల కోసమే! మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులూ, రెండున్నర వేల తూటాలూ దొరికాయి. తుపాకీ కావాలంటే పోలీసు స్టేషనుకే వెళ్ళాలి, ఇంకెక్కడా ఉండవు కాబట్టి. 1924లో రాజుని పట్టుకోడానికి మన్యానికి ప్రత్యేక కమిషనరుగా పంపింది ఎవర్నో తెలుసా? మన గుంటూరు కలెక్టరుగా చేసిన ఆ రూథర్‌ఫర్డునే.

అంచేత ఆ రోజుల్లో ఊళ్ళో ఒకరింట్లో లైసెన్సు తుపాకీ ఉందంటే దానర్థం ఆయనకి శత్రువులున్నారని కాదు. సర్కారు ఆయన్ని నమ్మిందని. అది కాల్చడానికన్నా గోడకి తగిలించి చూపించడానికి ఎక్కువ పనికొచ్చేది. దొరలు పోయినా ఆ అలవాటు పోలేదు. మెరుగు పెట్టించిన రివాల్వరు ఆ అలవాటుకి మనవడు అని నా అభిప్రాయం.

స్వాతంత్ర్యం వచ్చాక మాటేంటి? 1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకి లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా ఉంది. 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ దాన్ని రాజ్యాంగంలో పెట్టమని సవరణ తెస్తే అంబేద్కర్ ఒప్పుకోలేదు, సభా ఒప్పుకోలేదు. కాబట్టి అమెరికాలోలాగా అది మనకి హక్కు కాదు. 1878 చట్టం పోయి 1959 చట్టం వచ్చింది, 1962 నుంచి అమలైంది. పేరు మారింది గానీ లైసెన్సు అలాగే ఉంది. మనిషికి మూడు తుపాకుల దాకా ఉండనిచ్చేవారు, 2019 సవరణతో రెండయ్యాయి. పెళ్ళి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చడం కూడా ఆ సవరణతోనే విడిగా ఒక నేరమైంది.

ఇక ఈ .32 అనే అంకె. సైన్యం, పోలీసులు వాడే తూటాలు పట్టే చేతి తుపాకుల్ని మామూలు లైసెన్సు మీద ఇవ్వరు. .380, .455, 9 ఎం.ఎం. ఇవన్నీ ఆ కోవలోవే. మిగిలిన వాటిలో జనానికి దొరికింది ముఖ్యంగా .32. బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ చేసిన మార్క్ 4 రివాల్వరు .38 లోనూ వచ్చింది, .32 లోనూ వచ్చింది. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కాన్పూరులో మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ చేసే .32 కూడా ఆ వెబ్లీ అచ్చులోదే. వెబ్లీ 1979లో తుపాకుల తయారీ ఆపేసింది. 1980ల మధ్యలో మన ప్రభుత్వం మామూలు జనం దిగుమతి చేసుకోవడాన్ని ఆపేసింది. దాంతో అంతకుముందు దేశంలోకి వచ్చిన ప్రతి ఇంగ్లండు ముక్కకీ బంగారం ధర పుట్టింది. పాతబడ్డకొద్దీ రేటు పెరిగే సెకండ్‌హ్యాండ్ సరుకు మా ఊళ్ళో రెండే ఉన్నాయి: స్థలాలూ, ఇవీ :)

సరే, పూత సంగతికొద్దాం. నికెల్ పూత చెడ్డదేం కాదు. 1869లో అమెరికాలో ఐజాక్ ఆడమ్స్ అనే ఆయన నికెల్ పూత పద్ధతికి పేటెంటు తీసుకున్నాక, అక్కడి రివాల్వరు కంపెనీలు ఫ్యాక్టరీలోనే పూత వేసి అమ్మాయి. అప్పటి నల్లమందు మసికి ఉక్కు త్వరగా తుప్పుపట్టేది, నికెల్ దాన్ని కాపాడేది. ఫ్యాక్టరీలో వేసిన పూత వేరు. బైకు సైలెన్సర్లకి వేసే చోట వేయించిన పూత వేరు.

పూత నున్నగా అంటాలంటే ముందు ఉక్కుని బఫింగ్ చక్రం మీద అరగదియ్యాలి. ఆ అరుగుడులో అంచులు గుండ్రబడతాయి, చెక్కిన అక్షరాలు పలచబడతాయి. చిన్న బీటలూ, తుప్పు గుంటలూ ఉంటే వాటి మీద పూత దుప్పటిలా పరుచుకుంటుంది. పూత తొట్టెలో పుట్టే హైడ్రోజను గట్టి ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది. అలా కాకుండా ఉండాలంటే పూత వేసిన వెంటనే 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చాలి. సైలెన్సరుకి ఆ అవసరం లేదు కాబట్టి అక్కడ ఆ అలవాటూ ఉండదు. తూటా పేలేటప్పుడు ఒత్తిడి తట్టుకోవాల్సిన సిలిండరు విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

మిరపకాయల బస్తా కొనేవాడు పైన మెరిసే నాలుగు తేజ కాయలు చూసి రేటు కట్టడు. బస్తా మధ్యలోకి చెయ్యి దూర్చి తాలు ఎంతుందో చూస్తాడు. పూత వేసిన రివాల్వరులో చెయ్యి దూర్చే సందే లేదు.

నాన్నని ఒక ఫోటో తీయించి పంపమన్నాను. చట్రం మీద నంబరు ఉందిగానీ అరిగిపోయి ఉంది. అందులో ఒక అంకె మూడో ఎనిమిదో తేలలేదు. పెద్దాయన లైసెన్సు పుస్తకంలో ఎనిమిది అని ఉంది. గొట్టం మీద బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్ర ఉండాల్సిన చోట ఒక మసక మచ్చ. 1813 నుంచీ ఉన్న సంస్థ అది. ఎక్కువ మందు పెట్టి కాల్చి చూసి, తట్టుకున్న తుపాకీకే ముద్ర వేస్తుంది. ఆ ముద్ర కనపడకపోతే ఆ పరీక్ష జరిగిందని చెప్పే సాక్షి లేనట్టే.

మా ఉద్యోగ భాషలో చెప్పాలంటే నంబరు ఆ తుపాకీకి ప్రైమరీ కీ. ఎవరు చేశారు, ఎవరు కొన్నారు, ఏ స్టేషన్లో రాశారు, అన్నీ దాన్ని పట్టుకునే వేలాడుతుంటాయి. అది పోతే మిగిలిన రికార్డంతా ఉండీ లేనట్టే. చట్టం కూడా ఇలాగే ఆలోచించింది. 1959 చట్టం 8వ సెక్షను ప్రకారం గుర్తింపు నంబరు చెరపడం నేరం, అలా చెరిగిన తుపాకీ అమ్మడమూ నేరం. అన్నిటికన్నా ముఖ్యం ఇంకోటి: చెరిగిన తుపాకీ ఎవరి దగ్గరుంటే వాళ్ళే చెరిపారని కోర్టు అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్ళే. ఎప్పుడో పెద్దాయన ముచ్చటపడి చేయించిన పనికి, డెబ్బై రెండేళ్ళ మా నాన్న జవాబు చెప్పుకోవాలి. సొంత తుపాకీ ఇంకొకరికి అమ్మేవాళ్ళు కలెక్టరుకో స్టేషనుకో రాసిచ్చి 45 రోజులు ఆగాలన్న నిబంధన ఉన్నదీ ఇలాంటివి తేల్చుకోడానికే.

ఇదంతా ఫోన్లో చెప్పాను. నాన్న అంతా విని, "అయితే కాన్పూరుది కొత్తది కొనమంటావా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అందుకని వేరేది అడిగాను. తాతయ్యకి ఒక సింగిల్ బ్యారెల్ తుపాకీ ఉండేదని చిన్నప్పట్నుంచీ విన్నాను. ఎలక్షన్లప్పుడు అందర్లాగే స్టేషన్లో అప్పగించామనీ, మళ్ళీ తెచ్చుకోలేదనీ ఇంట్లో చెప్పేవాళ్ళు. నాకు గుర్తున్న ఎలక్షన్లు 1989 నవంబరువి. కానీ బీరువాలో నేను చూసిన రసీదు మీద తేదీ 1987 డిసెంబరు. "రెండేళ్ళ ముందే ఎందుకు ఇచ్చేశారు నాన్నా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. అది పత్తికి తెల్లదోమ పట్టిన ఏడాది. కొట్టిన మందుకల్లా దోమ ఇంకా పెరిగింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నది ఆ కాలంలోనే. అప్పులవాళ్ళు వచ్చి వెళ్ళిన ఒక రాత్రి తాతయ్య తుపాకీ దించి తుడుచుకుంటూ కూచున్నాడట. నాయనమ్మ ఏమీ అనలేదు. తూటాలు ముందే తీసి కందిపప్పు డబ్బాలో దాచేసింది. తెల్లారాక నాన్నని లేపి, "ఇది స్టేషన్లో ఇచ్చేసి రా, మీ నాన్న అడిగితే ఎలక్షన్లని చెప్పు" అంది. తాతయ్య అడగలేదట. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు. నాకు సైకిలు నేర్పింది ఆయనే.

నాన్నకి తుపాకీ అక్కర్లేదని నేను చెప్పలేను. నేనుండేది ఊరికి దూరంగా, రాత్రి తలుపు కొట్టేది ఆయన ఇంటికి. కానీ ఒకటి చెప్పాను. తగువు గట్టు దగ్గరుంది కాబట్టి ముందు గట్టే కొలిపించు, ఎఫ్-లైన్ పిటిషన్ పెట్టి సర్వేయరుని పిలిపించు, ఆ తర్వాత కూడా భయమనిపిస్తే అప్పుడు కొత్తది చూద్దాం, మెరిసేది మాత్రం వద్దు అన్నాను.

"సరేలేరా. ఆ అంకె మూడో ఎనిమిదో తేలనిది మనకెందుకు" అన్నాడు.

పోయిన వారం సర్వేయరు వచ్చి కొలిచి వెళ్ళాడు. రాళ్ళు పాతారు. నాన్న వాటి ఫోటో పంపాడు, రాయి మీద నంబరు స్పష్టంగా కనిపించేట్టు దగ్గర్నుంచి తీసి మరీ. లైసెన్సు పుస్తకం మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది, తాతయ్య రసీదు పక్కన.