తంగేడు సూట్‌కేసులో పట్టదు

అంకాపూర్ పేరు చెబితే చాలామందికి ముందు నాటుకోడి గుర్తొస్తుంది. వ్యవసాయం తెలిసినవాళ్లని అడిగితే ఎర్రజొన్న విత్తనం, మొక్కజొన్న, పసుపు అంటారు. ఆర్మూర్ పక్కనున్న ఈ ఊరి పసుపుని పంటగా చూసిన వ్యాసాలు బోలెడు వచ్చాయి. 2019 ఎన్నికల్లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు, వాళ్లలో చాలామంది పసుపు రైతులే. పసుపు బోర్డు గొడవ కూడా పేపర్లు చదివే అందరికీ తెలిసిందే. నేనిక్కడ పసుపుని రంగుగా చూడబోతున్నాను. ఎందుకంటే ఈ జిల్లా నుంచి దుబాయ్‌కో డాలస్‌కో వెళ్లేవాళ్ల సామానులో సులువుగా చోటు దొరికే రంగు అదొక్కటే.

మన చేతిపనులకి కావలసిన సామాను ఒక్కసారి తలుచుకోండి. ముగ్గుపిండి, తంగేడు పూలు, గునుగు, చింతగింజల బంక, పొణికి చెక్క. ఇవన్నీ ఊళ్లోనే ఉండిపోతాయి. పసుపు మాత్రం విమానం ఎక్కుతుంది, అదీ తిండి సామాను లెక్కలో. వలస గురించి రాసేటప్పుడు మనం భాష ఏమైంది, పండుగ ఏమైంది, గుడి ఎప్పుడు కట్టారు అని చూస్తాం. చేతికి అలవాటైన సామాను దొరకనప్పుడు ఆ చెయ్యి ఏం చేసింది అన్నది తక్కువగా అడుగుతాం. నాకు ఆ ప్రశ్నే పెద్దదిగా కనిపిస్తుంది.

అయితే పసుపు రంగుగా ఎంతవరకు పనికొస్తుంది? నిజం చెప్పాలంటే అంతంతమాత్రమే. తవ్విన పసుపుని ఉడకబెట్టి, కల్లాల్లో రోజుల తరబడి ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పట్టి, కొమ్ము వేరు గోళ వేరు చేసి యార్డుకి తెస్తారు. అంత ఎండని తట్టుకున్న కొమ్ముని పొడి కొట్టి గుడ్డకి పట్టిస్తే మాత్రం అదే ఎండకి వెలిసిపోతుంది. వంటింట్లో పనిచేసిన ఎవరికైనా ఇది తెలుసు. చొక్కా మీద పసుపు మరక పడితే సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది, ఎండలో ఆరేస్తే క్రమంగా పోతుంది. ఈ రెండు గుణాలకీ మూలం కర్క్యుమిన్ అనే పదార్థం. యూరప్ రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని 1815లో వేరుచేశారు. క్షారం తగిలితే ఎర్రబడే గుణం వల్ల పసుపు పూసిన కాగితాన్ని ప్రయోగశాలల్లో పరీక్షకి వాడుకున్నారు. మన ఇళ్లలో అదే గుణంతో పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకున్నారు. నూలుబట్టకి పటిక లాంటిదేదీ లేకుండానే నేరుగా అంటుకునే సహజ రంగులు చాలా కొద్ది, వాటిలో పసుపొకటి. అంటుకోవడం తేలికే, నిలవడమే కష్టం. అందుకే అది కొద్దిరోజులు ఉంటే చాలనుకునే పనులకి సరిపోయింది. గడపకి, కాళ్లకి, పెళ్లిబట్టల అంచులకి, గౌరమ్మకి. వందేళ్లు గోడమీద ఉండాల్సిన బొమ్మకి అది నమ్మదగ్గ రంగు కాదు.

పసుపుని రంగు కోసమే సముద్రాలు దాటించినవాళ్లు లేకపోలేదు. పాలినేషియా నావికులు కొత్త దీవులకి వెళ్లేటప్పుడు పడవల్లో మోసుకెళ్లిన మొక్కల్లో పసుపు ఉంది. హవాయిలో దాన్ని ఓలెనా అంటారు. చెట్టు బెరడుతో చేసే కాపా బట్టకి దాంతో రంగు వేసేవాళ్లు. వాళ్లు పట్టుకెళ్లింది పొడి కాదు, మొలకెత్తే దుంప. దిగినచోట నాటుకుంటే సామాను కోసం మళ్లీ వెనక్కి చూడనక్కర్లేదు. మనవాళ్లకి ఆ అవసరం రాలేదు. 1965లో అమెరికా వలస చట్టం మారింది, 1974లో షికాగోలో డెవాన్ అవెన్యూ మీద పటేల్ బ్రదర్స్ మొదటి దుకాణం పెట్టారు. అలాంటి కొట్లు పెరిగేకొద్దీ పసుపు పొట్లం అక్కడే దొరకడం మొదలైంది.

మరి ఇప్పటికీ ఊరి పసుపుని సూట్‌కేసులో ఎందుకు కుక్కుతారు? రుచి, సెంటిమెంటు సరే, భయం కూడా ఉంది. దానికి మళ్లీ రంగే కారణం. 2016లో సీసం కలిసిన పసుపు పొడిని అమెరికా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. బంగ్లాదేశ్‌లో పసుపు మెరవడానికి లెడ్ క్రోమేట్ పూస్తున్నారని 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బయటపెట్టారు. 1980ల్లో వరదలకి పంట తడిసి రంగు తగ్గినప్పుడు ఈ అలవాటు మొదలైందట. లెడ్ క్రోమేట్ అంటే క్రోమ్ ఎల్లో. వాన్ గో 1888లో పొద్దుతిరుగుడు పూల బొమ్మలకి వాడిన రంగు అదే. చిత్రకారుడి ట్యూబులో ఉండాల్సింది పిల్లల అన్నంలోకి వచ్చింది. పసుపు పసుపుగా ఉంటే చాలదు, ఇంకా పచ్చగా కనబడాలి అనే కొనుగోలుదారుడి కంటికి ఇందులో వాటా లేదనలేం.

ఇంకో వింత చూడండి. విదేశంలో రంగులు కొందామని ఆర్ట్ సప్లైస్ షాపుకి వెళ్తే అరలో మన పేరే కనిపిస్తుంది. ఇండియన్ ఎల్లో, ఇండియన్ రెడ్. రెండోది ఇనుప తుప్పు జాతి ఎరుపు. మొదటిదాని కథ వేరు. బీహార్‌లో ముంగేర్ దగ్గర మీర్జాపూర్ అనే చోట ఆవులకి మామిడాకులు మేపి, వాటి మూత్రాన్ని కాచి పియూరి ఉండలు చేస్తారని టి.ఎన్. ముఖర్జీ 1883లో లండన్‌కి రాశాడు. తర్వాతివాళ్లు కొందరు ఈ కథని నమ్మలేదు. ఏమైనా ఆ రంగు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడా పేరుతో ట్యూబులో ఉండేది ఫ్యాక్టరీ రంగు. పేరు మాత్రం మన చుట్టరికం చెప్పుకుంటోంది.

పరాయి సామానుతో ఏం చెయ్యొచ్చో చూపించిన తెలుగువాడు కృష్ణారెడ్డి. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టారు. ప్రింట్‌మేకింగ్ లోకంలో ఆయనది పెద్ద పేరు, తెలుగులో ఆయన గురించి రాసింది మాత్రం పేరుకి తగ్గట్టు లేదు. 1940ల్లో శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. నందలాల్ పద్ధతిలో రంగంటే కొట్లో కొనేది కాదు, చుట్టుపక్కల మట్టిలో వెతుక్కునేది. 1938 హరిపుర కాంగ్రెస్ కోసం ఆయన వేసిన బొమ్మలు అలాంటి మట్టి రంగులతో వేసినవే. అక్కడ చేయి తిరిగిన కుర్రాడు మద్రాసు కళాక్షేత్రలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, 1950ల మొదట్లో లండన్ స్లేడ్ స్కూలుకి, ఆ తర్వాత పారిస్‌కి వెళ్లారు. పారిస్‌లో చేరింది స్టాన్లీ విలియం హేటర్ నడిపే అటెలియె 17 అనే వర్క్‌షాపులో. హేటర్ కూడా విచిత్రమైన మనిషి. రసాయన శాస్త్రం చదివి, 1920ల్లో అబాదాన్‌లో చమురు కంపెనీలో పనిచేసి, అది వదిలేసి బొమ్మల్లోకి వచ్చాడు.

అక్కడ దొరికే సామాను ఏమిటి? లోహపు పలకలు, యాసిడ్, అచ్చు ఇంకు, రోలర్లు, ప్రెస్. బోల్పూర్ మట్టి ఎక్కడా లేదు. అప్పటికి రంగుల ప్రింటు తీయాలంటే మామూలుగా రంగుకో పలక చేసి, ఒకదాని మీద ఒకటి అచ్చు గుద్దాలి. గీత జరిగితే బొమ్మ పాడు. కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, హేటర్ కలిసి ఒకే పలక మీద అన్ని రంగులూ ఒకేసారి ఎక్కించే పద్ధతిని రాబట్టారు. దాని కీలకం ఇంకు చిక్కదనంలో ఉంది. పలకని ఎత్తుపల్లాలుగా చెక్కుతారు. బాగా నూనె కలిపిన పలచటి ఇంకుని గట్టి రోలర్‌తో పైన దొర్లిస్తే అది ఎత్తు భాగాలకే తగులుతుంది. తర్వాత నూనె తక్కువ కలిపిన చిక్కటి ఇంకుని మెత్తటి రోలర్‌తో దొర్లిస్తే పల్లంలోకి దిగుతుంది, ముందే నూనె ఇంకు పట్టిన చోట మాత్రం అంటదు. చేతికి నూనె రాసుకుంటే పనసకాయ బంక అంటదు కదా, అలాంటిదే. మొత్తం వ్యవహారం తిరిగేది అవిసె నూనె పాళ్ల మీద.

నన్ను ఆకట్టుకునేది ఈ నూనె విషయమే. అవిసె గింజ మనకి కొత్తేమీ కాదు, అచ్చు ఇంకు కూడా అక్కడి ప్రెస్సులవాళ్లందరి దగ్గరా ఉన్నదే. కొత్తదల్లా ఒక ఇంకు ఇంకో ఇంకుని ఎందుకు తోసేస్తోందని గంటల తరబడి కనిపెట్టి చూడటం. శాంతినికేతన్ నుంచి ఆయన వెంట రంగు రాలేదు, రంగు స్వభావాన్ని వెతికే అలవాటు వచ్చింది. శిల్పం నేర్చుకున్న చెయ్యి కాబట్టి పలకని కాగితంలా చూడకుండా రాయిలా చెక్కారు. ఆయన తన పద్ధతి మీద 1988లో ఇంగ్లిష్‌లో వేసిన పుస్తకం పేరులోనే సామాను, ప్రక్రియల ప్రాముఖ్యం అన్న మాటలు ఉంటాయి. 1976లో న్యూయార్క్ వెళ్లి యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు, 2018లో పోయారు. నీటి సుడి, జోకరు, సీతాకోకచిలుక లాంటి ఆయన ప్రింట్లలో భారతీయత ఎక్కడుందని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న నాకు నచ్చదు. బొమ్మలో కలంకారీ అంచు కనబడితేనే మనవాడని ఒప్పుకుంటామా?

ఇంతకీ సామాను మారడానికి ఊరు వదలాల్సిన పనిలేదు. ఆర్మూర్ నుంచి హైవే మీద ఉత్తరానికి వెళ్లి గోదావరి దాటితే నిర్మల్ వస్తుంది. అక్కడి నకాషీ పనివాళ్లు మెత్తటి పొణికి చెక్కని చెక్కి, చింతగింజల బంకలో రంపపుపొట్టు కలిపి అతుకులు కప్పి, ఖనిజాల, ఆకుల, బంకల రంగులు వేసేవాళ్లు. క్రమంగా వాళ్ల బల్లమీదికి డ్యూకో వచ్చింది. అది 1920ల్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తయారుచేసిన పెయింటు. ఈ రోజు మనం డ్రాయింగ్‌రూముల్లో పెట్టుకుని సంప్రదాయ కళ అని మురిసిపోయే నిర్మల్ బొమ్మ నిగనిగలో కారు రంగుకి పెద్ద భాగమే ఉంది.

ఇదే డ్యూకోని 1936లో మెక్సికో చిత్రకారుడు సికైరోస్ న్యూయార్క్ వర్క్‌షాపులో ఒంపి, చిమ్మి, ఇదేం చేయగలదని ప్రయోగాలు చేశాడు. ఆ వర్క్‌షాపులో పనిచేసినవాళ్లలో జాక్సన్ పొలాక్ ఒకడు. రెండో ప్రపంచయుద్ధం వల్ల హేటర్ తన అటెలియెని న్యూయార్క్‌కి మార్చినప్పుడు 1944-45లో అక్కడా పొలాక్ ప్రింట్లు చేశాడు. ఒకే డబ్బాలోని రంగు న్యూయార్క్‌లో నేలమీద పరిచిన కాన్వాసుల దారి పట్టింది, నిర్మల్‌లో నెమళ్లకీ పల్లకీలకీ మెరుపైంది. నిర్మల్ వాళ్లది తక్కువ పని అని నా ఉద్దేశం కాదు. పొద్దున్న వేసింది సాయంత్రానికి ఆరితే రేపటి కూలి దక్కుతుంది, త్వరగా ఆరే రంగు వాళ్లకి ఆకలి లెక్క. ప్రయోగానికి తీరిక కావాలి, ఆ తీరికకి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. కృష్ణారెడ్డికి వర్క్‌షాపు దొరికింది, యూనివర్సిటీ దొరికింది. నకాషీకి దొరికింది ఎంపోరియం ఆర్డరు. ఇద్దరికీ పరాయి సామానే వచ్చింది, తేడా చేతుల్లో లేదు.

ప్రస్తుతం మన వలసలో చేతిపని అనదగ్గది ఎక్కువమంది చేసేది బతుకమ్మే. పేర్చడం చిన్న నైపుణ్యం కాదు, వరుస తప్పితే గోపురం వంగిపోతుంది. అంకాపూర్ వైపు ఊళ్లలో దాని సామాను కొట్లో కొనడం అలవాటులేని పని. తంగేడు, గునుగు గట్ల మీద, బీళ్లలో ఉంటాయి, కోసుకురావాలి. తెల్ల గునుగుని కట్టలు కట్టి రంగునీళ్లలో ముంచుతారు. డాలస్‌లో, న్యూజెర్సీలో ఆ గట్టు లేదు. అదృష్టవశాత్తూ సరిగ్గా సెప్టెంబర్, అక్టోబర్‌లలో అక్కడి సూపర్‌మార్కెట్ల ముందు చామంతి కుండీలు బారులు తీరి ఉంటాయి. వాళ్లకవి శరదృతువు అలంకారం, మనవాళ్లకి బతుకమ్మ వరుస. బంతిపూలు దొరుకుతాయి, కొందరు కాగితం పూలు చేస్తారు, ఇంకొందరు ప్లాస్టిక్ పూలు పేర్చి ఏటా అదే వాడతారు. ఈ చివరిదాన్ని నేను ఒప్పుకోలేను. పూలు వాడిపోకపోతే నీళ్లలో వదలడానికి అర్థమేముంది? చామంతి బతుకమ్మ మీద మాత్రం నాకే ఫిర్యాదూ లేదు. దానికి తంగేడు కాడ పొడవు లేదు, పువ్వు బరువెక్కువ, అందుకని పేర్చే పద్ధతి మారుతుంది. గోపురం పొట్టిగా, లావుగా వస్తుంది. అక్కడ పుట్టిన పిల్లలకి బతుకమ్మ ఆకారం అదే. సెలవులకి ఊరొచ్చి నిటారుగా ఉన్న తంగేడు బతుకమ్మని చూస్తే వాళ్లకే కొత్త.

పైన పెట్టే గౌరమ్మని మాత్రం అక్కడా ఇక్కడా పసుపు ముద్దతోనే చేస్తారు. నీళ్లు ఎక్కువైతే కూలుతుంది, తక్కువైతే పగులుతుంది. ఊరి పొడికీ కొట్టు పొట్లానికీ నీళ్ల పాళ్లు ఒకటి కాకపోవచ్చు. ఆ పాళ్లు ఫోన్లో చెబితే రావు, చేత్తో కలిపి చూసుకోవాల్సిందే.