సద్దు, సద్దుమణుగు

సంస్కృత ‘శబ్దం’ ప్రాకృతంలో ‘సద్ద’ అయి, మన దగ్గర ‘సద్దు’గా స్థిరపడింది. కన్నడిగులకు ఈనాటికీ ఏ చప్పుడైనా సద్దే. తెలుగులో మాత్రం దాని పరిధి కుంచించుకుపోయింది. శబ్దాన్ని వ్యాకరణమూ భౌతికశాస్త్రమూ పంచుకున్నాయి, నాదాన్ని సంగీతం పట్టుకుపోయింది. ఉండకూడని చోట వినబడే చిన్న చప్పుడు ఒక్కటే సద్దుకు మిగిలింది. ‘సద్దు చేయకు, పాప పడుకుంది’ అంటాం గానీ, పాట విని ‘సద్దు బాగుంది’ అనం.

గ్రాండ్ పియానోలో సంగీతంతో పాటు వినబడే తీగల గోలకు ఇంతకన్నా సరైన మాట నాకు కనబడలేదు. ‘మోత’ మరీ బరువు. ‘రొద’ అంటే ఆగకుండా సాగేది. ‘అలికిడి’ వింటే మనిషి జాడ తోస్తుంది. ‘సవ్వడి’ని కవులు ముద్దు చేసి పాడుచేశారు.

ఈ పియానోలో మెట్లు 88, తీగలు 220 పైచిలుకు. సుత్తి కొట్టేది తీగలో ఒక భాగాన్నే. బ్రిడ్జికి అవతల మేకు దాకా సాగిన తోకా, ఇవతల ట్యూనింగ్ పిన్ను వైపున్న ముక్కా ఎవరూ కొట్టకుండానే కదులుతాయి. పాఠ్యపుస్తకాలు అనునాదం అనేది దీన్నే. డాంపర్ వాలి అసలు తీగను ఆపినా, దానికి అందని ఈ కొసలు ఇంకాసేపు సన్నగా ‘ఈ’మంటాయి. అందుకే ఆ తోకల మధ్య గుడ్డపట్టీ అల్లుతారు, ముందు ముక్కలకు ఫెల్ట్ ఆనిస్తారు.

అయితే 1872లో పియానోలు తయారుచేసే థియొడోర్ స్టైన్‌వే దీన్ని తిరగేశాడు. ఆ కొసల పొడవును అసలు స్వరంతో పొత్తు కుదిరేలా కొలిచి, పై స్థాయిల్లో వాటిని మోగనిచ్చే ఏర్పాటుకు పేటెంటు పొందాడు. డూప్లెక్స్ స్కేల్ అంటే అదే. మరుసటేడు లైప్‌జిగ్‌లో జూలియస్ బ్లూత్నర్ ఇంకో అడుగు వేసి, మూడు తీగల మెట్లకు సుత్తి తగలని నాలుగో తీగనే అదనంగా బిగించాడు. కొలత కుదిరితే సద్దు కూడా నాదమే అన్నమాట! మన తంబూరాలో జీవాళి దారం పెట్టి మరీ తెప్పించుకునే ఝుంకారం పియానోలో వినబడితే మరమ్మతుకు పిలుస్తారు.

ఇక మోగే తీగను ఆపే పని. డాంపర్‌ను ఇటాలియన్లు ‘స్మోర్జతోరె’ అంటారు, ఫ్రెంచివాళ్లు ‘ఎతుఫ్వార్’ అంటారు. మొదటిది నిప్పునార్పే క్రియ నుంచి పుట్టింది. రెండోదానికి ఊపిరాడనివ్వకపోవడమని అర్థం. రొట్టెలు కాల్చేవాళ్లు నిప్పులు చల్లార్చే మూతపాత్రకూ అదే పేరు. మన భౌతికశాస్త్రం ‘అవరుద్ధ’ అని ఏకంగా దారికి అడ్డం కట్టేసింది. ‘సద్దుమణుగు’లోని మణుగు వేరు. అణగిమణగి ఉండటమంటే చావడం కాదు, తలవంచి తగ్గడం. డాంపర్ చేయవలసిందీ అంతే. తీగ మీద మెత్తగా వాలి స్వరాన్ని దించాలి. ఈ మాట పత్రికల్లో అల్లర్లకూ ఘర్షణలకూ పరిమితమైపోయింది గానీ, సంగీతం సరసన నిలబెడితే దాని అసలు సొగసు తెలుస్తుంది.

డాంపర్ ఫెల్ట్ ఏళ్ల తరబడి తీగల అచ్చు పడి గట్టిపడితే, వాలేటప్పుడు ‘జుయ్’మంటుంది. సూదులతో పొడిచి మెత్తబరుస్తారు, లేదా మారుస్తారు. రాగి చుట్టిన మంద్రతీగలో చుట్టు వదులైతే జరజరలాడుతుంది. ఆ తీగను విప్పి, చుట్టు బిగిసే వైపు ఒక మెలిక తిప్పి మళ్లీ తగిలిస్తారు. పై కొసన ఇంచుమించు 20 మెట్లకు డాంపర్లే ఉండవు. అది లోపం కాదు, ఆ పొట్టి తీగల మోత దానంతటదే త్వరగా ఆగిపోతుంది. సద్దు మీద కోపంతో కనబడిన చోటల్లా ఫెల్ట్ దూర్చేవాళ్లున్నారు. వాళ్ల చేతిలో పియానో మూగబోతుంది.

మీ పియానో సద్దు చేస్తుంటే, ముందు దాని మీదున్న ఫొటో ఫ్రేములూ పూలకుండీలూ దించి, ఒక్కొక్క మెట్టే నొక్కి వినండి. అప్పటికీ సద్దుమణగకపోతేనే ట్యూనర్‌ను పిలవండి.