మూతపడిన జైలు మీద నవల ఎందుకు?

ఈ వారం ఒక జైలు గురించీ, ఒక నవల గురించీ మాట్లాడుకుందాం. జైలు పేరు మార్షల్‌సీ. నవల చార్లెస్ డికెన్స్ రాసిన 'లిటిల్ డోరిట్'.

ముందు జైలు సంగతి. లండన్‌లో, థేమ్స్ నదికి దక్షిణాన, బరో హై స్ట్రీట్ పక్కన ఉండేదది. అందులో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది దొంగలూ కారు, హంతకులూ కారు. అప్పు తీర్చలేనివాళ్ళు. లోపల కూర్చున్నవాడు సంపాదించేదెలా? సంపాదించకుండా అప్పు తీర్చేదెలా? పైగా లోపల గదికి అద్దె కూడా కట్టాలి! భార్యాపిల్లలు వెంట వెళ్ళి అక్కడే కాపురం పెట్టిన కుటుంబాలు ఎన్నో.

1824లో డికెన్స్ తండ్రి జాన్ డికెన్స్‌ను అక్కడే పెట్టారు. ఒక రొట్టెల వ్యాపారికి 40 పౌండ్ల పైచిలుకు బాకీ. అప్పటికి చార్లెస్‌కు 12 ఏళ్ళు. బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో డబ్బాలకు లేబుళ్ళు అంటించే పనిలో ఉన్నాడు. ఈ విషయం ఆయన పైకి చెప్పుకోలేదు. 1870లో ఆయన పోయాక, స్నేహితుడు జాన్ ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్ర వల్లనే లోకానికి తెలిసింది.

ఇక్కడ నాకో సందేహం వచ్చింది. నవల నెలనెలా భాగాలుగా వచ్చింది 1855 నుంచి 1857 దాకా. మార్షల్‌సీ మూతపడింది 1842లోనే. లేని జైలును తిట్టి లాభమేమిటి?

నాకు తోచిన జవాబు ఇది. జైలు పోయింది గానీ, దాని పద్ధతి పోలేదని చెప్పడానికే డికెన్స్ ఆ చోటు ఎంచుకున్నాడు.

కథలో విలియం డోరిట్ ఇరవై ఏళ్ళకు పైగా లోపలే ఉంటాడు. తోటి ఖైదీలు 'మార్షల్‌సీ తండ్రి' అని బిరుదిస్తారు. వాళ్ళిచ్చే చిల్లర డబ్బులు పుచ్చుకుంటూ, అది తన హోదాకు దక్కే మర్యాద అనుకుంటాడు. చిన్నకూతురు ఏమీ బయటికెళ్ళి కుట్టుపని చేసి పోషిస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలియనట్టే ఇంటిల్లిపాదీ నటిస్తారు. తర్వాత అనుకోని ఆస్తి కలిసొచ్చి ఇటలీ వెళతారు. అక్కడ రోమ్‌లో, పెద్దమనుషుల విందులో మతి చలించి, అతిథులను మార్షల్‌సీకి వచ్చినవాళ్ళుగా భావించి స్వాగతం చెబుతాడు. తలుపు తెరిచినా మనిషి బయటికి రాలేదన్నమాట!

ఇంకో చోటు, నవలలోని ఒక ప్రభుత్వ కార్యాలయం. దాన్ని 'చుట్టుతిప్పుడు ఆఫీసు' అందాం. అక్కడ ఏ పనీ జరగకుండా చూడటమే పని. అధికారులంతా బార్నకిల్ వంశస్థులు. బార్నకిల్ అంటే ఓడ అడుగున అంటుకుని వదలని గుల్లజీవి. ఇది గాల్లోంచి పుట్టింది కాదు. 1853-56 క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు తుపాకీ గుళ్ళకన్నా రోగాలకే ఎక్కువమంది పోయారు. తిండీ బట్టా సమయానికి అందలేదు. జనం మండిపడ్డారు. సిఫార్సుతో కాకుండా పరీక్ష పెట్టి ఉద్యోగాలివ్వాలని 1854లో నార్త్‌కోట్, ట్రెవెల్యాన్ నివేదిక ఇచ్చారు. ఆ ట్రెవెల్యానే 1859లో మద్రాసు గవర్నరుగా వెళ్ళాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ఏలుబడిలోనివే.

ఇలా జైలూ, ఆఫీసూ, విందుల గదీ ఒకే గోడకు మూడు వైపులని ఆయన చూపించాడు. ఉపన్యాసం దంచలేదు. మనల్ని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు.

1869 చట్టంతో అప్పుకు జైలు చాలావరకు పోయింది. కానీ ఏజెంటుకు అప్పుచేసి కట్టి పరాయిదేశం వచ్చి, ఇంటికి ఫోన్ చేసి 'అంతా బాగుందమ్మా' అనే కుర్రాళ్ళను నేనెరుగుదును. అవతల తల్లికీ నిజం తెలుసు. తెలియనట్టే ఊఁ కొడుతుంది. డోరిట్ ఇల్లు మనకంత దూరమేమీ కాదండీ.

మార్షల్‌సీ గోడ ఒకటి ఇంకా నిలిచే ఉంది. బరో స్టేషన్‌లో దిగితే సెయింట్ జార్జ్ చర్చి పక్కనే. వీలైతే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. వచ్చేవారం కలుద్దాం. సెలవు.