రంగుల స్లైడు సాక్ష్యం: కోడాక్రోమ్ ఫిల్ము, సుల్తానాబాద్ వీధి చరిత్ర

ఉపోద్ఘాతం

రంగుల స్లైడు ఫిల్ముపై పట్టణ వీధులను చిత్రించిన ఛాయాగ్రాహకులకు కోడాక్రోమ్ కనుమరుగు కావడం తీరని వెలితి. వారి బెంగ ఎక్కువగా ఆ రంగుల అందం గురించే. చరిత్ర పరిశోధనకు ముఖ్యమైన ప్రశ్న వేరు: ఆ ఫిల్ముతో పోయినది అందమేనా, ఆధారం కూడానా? ఉత్తర తెలంగాణలోని సుల్తానాబాద్ వంటి చిన్న పట్టణం దృష్ట్యా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఫిల్ము పుట్టుక, ముగింపు

సంగీతకారులైన లియోపోల్డ్ మానెస్, లియోపోల్డ్ గోడౌస్కీ రూపొందించిన కోడాక్రోమ్‌ను ఈస్ట్‌మన్ కోడక్ సంస్థ 1935లో చలనచిత్ర ఫిల్ముగా, 1936లో స్థిరచిత్ర ఫిల్ముగా విడుదల చేసింది. దీని పొరలలో రంగు పదార్థం ఉండదు. ప్రాసెసింగ్ దశలోనే రంగులు చేరుతాయి. అందుకే ఊరి స్టూడియో చీకటిగదిలో దీన్ని కడగడం సాధ్యం కాదు. ప్రత్యేక ప్రయోగశాల కావాలి. చీకటిలో భద్రపరిచిన కోడాక్రోమ్ రంగులు దశాబ్దాలు నిలుస్తాయి. కానీ గిరాకీ తగ్గి ప్రయోగశాలలు మూతపడే కొద్దీ ఫిల్ము మనుగడే కష్టమైంది. 2009 జూన్ 22న కోడక్ దీని నిలిపివేతను ప్రకటించింది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, పార్సన్స్ పట్టణంలో మిగిలిన చివరి ప్రయోగశాల 2010 డిసెంబరు 30 వరకే రీళ్లు స్వీకరించింది. భారతీయ వీధి జీవితాన్ని ఈ ఫిల్ముపై విస్తృతంగా నమోదు చేసిన రఘుబీర్ సింగ్ 1999లోనే మరణించారు.

స్లైడును చదివే పద్ధతి

నెగటివ్ నుండి అచ్చువేసిన ఫోటోలో రంగులను అచ్చువేసేవారు మార్చగలరు. స్లైడు మాత్రం కెమెరాలో వెలుగు సోకిన ఫిల్మే. కోడక్ అట్టచట్రాలపై తరచుగా నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. అది ప్రాసెసింగ్ కాలమే గాని చిత్రం తీసిన రోజు కాదు. రీలు కెమెరాలో నెలల తరబడి ఉండవచ్చు. స్లైడును తిరగేసి చూసినా బొమ్మ కనబడుతుంది కనుక దుకాణం బోర్డు మీది అక్షరాలే సరైన వైపును నిర్ధారిస్తాయి.

ఈ ఆధారానికీ పరిమితులున్నాయి. కోడాక్రోమ్ 25, 64 రకాలకు వెలుగు బాగా కావాలి. కనుక ఎండ పడిన వీధి నమోదైనంత సులభంగా సందె వేళ అంగడి గాని, మిల్లు లోపలి పని గాని నమోదు కాదు. స్లైడులో కనిపించనిదంతా పట్టణంలో లేనిదని భావించడం పొరపాటు.

సుల్తానాబాద్‌కు అన్వయం

కరీంనగర్–పెద్దపల్లి మార్గంలోని సుల్తానాబాద్ బియ్యం మిల్లులకు పేరుపొందిన పట్టణం. 2016 అక్టోబరు 11న అది కరీంనగర్ జిల్లా నుండి కొత్తగా ఏర్పడిన పెద్దపల్లి జిల్లాలోకి మారింది. అంతకుముందు తీసిన స్లైడులో ఒక బోర్డు మీద ‘జిల్లా: కరీంనగర్’ అని కనబడితే, ఆ ఒక్క పంక్తి పాలనా చరిత్రకు ఆనవాలవుతుంది. చేతితో రాసిన అక్షరాల తీరు, గోడల సున్నపు రంగు కూడా ఇటువంటి ఆనవాళ్లే.

ఈ ప్రాంతపు రాజకీయ మలుపు కూడా కోడాక్రోమ్ చివరి రోజులతో కలిసి వచ్చింది. కరీంనగర్ సమీపంలోని అలుగునూరు వద్ద 2009 నవంబరు 29న కె. చంద్రశేఖరరావు అరెస్టయ్యే నాటికి నిలిపివేత ప్రకటన వెలువడి ఐదు నెలలు దాటింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014 జూన్ 2 నాటికి ఆ ఫిల్మును కడిగే ప్రయోగశాలే లేదు. అందువల్ల ఉద్యమానికి ముందటి వీధినీ, తరువాతి వీధినీ పోల్చేటప్పుడు మనుషులు, బోర్డులతో పాటు మాధ్యమం కూడా మారిందని గుర్తించాలి. రంగులో కనిపించే తేడా అంతా వీధిలో వచ్చిన తేడా కాదు.

ముగింపు

ఫిల్ము మళ్లీ రాకపోయినా, దానిపై నమోదైన సాక్ష్యాన్ని కాపాడుకోవచ్చు. వేసవిలో తీవ్రమైన ఎండలు కాసే ఈ ప్రాంతంలో ఇనుప బీరువాల్లోని స్లైడ్లకు వేడి, తేమ ప్రధాన శత్రువులు. ప్రొజెక్టర్ వెలుగు సైతం కోడాక్రోమ్ రంగులను త్వరగా వెలిసిపోయేలా చేస్తుంది. కాబట్టి ప్రదర్శనకు నకళ్లే వాడాలి. చట్రాన్ని తొలగించకుండా బొమ్మతో పాటు దానినీ స్కాన్ చేయాలి. వీధినీ మనుషులనూ గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే వారి మాటలను నమోదు చేయాలి. బెంగ ఈ పనికి పురికొల్పినప్పుడే అది చరిత్రకు ఉపకరిస్తుంది.