రాళ్లు నిలుచును, ఇల్లు చెప్పవలెను



నాగార్జునసాగరు ఆనకట్టను మీరు చూచియే యుందురు. 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండయొద్ద నెహ్రూగారు దానికి పునాదిరాయి వేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదలిరి. 124 మీటర్ల యెత్తుగల ఆ ఆనకట్ట రాతి కట్టడము. వేలాది కూలీలు రాళ్లు మోసి దానిని లేపిరి. మీలో కొందరి తాతలు, అవ్వలు ఆ పనిలో ఉండియుందురు. ఎడమ కాలువ నీటితో నేడు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలములు పండుచున్నవి. అన్నము తినుచున్న మీ బిడ్డలకు ఆ రాళ్లు మోసినవారి కథ తెలియునా?

యెహోషువ గ్రంథము 4వ అధ్యాయము తీసి చదువుడి. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు, నది నడుమనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలిపిరి. ఎందుకు? ముందు కాలమున పిల్లలు వాటినిగూర్చి అడుగుదురు; అప్పుడు తండ్రులు దేవుడు చేసిన కార్యమును చెప్పవలెను. రాయి అడిగించును గాని జవాబు చెప్పదు. జవాబు చెప్పు పని దేవుడు తండ్రికే అప్పగించెను. అయినను న్యాయాధిపతుల గ్రంథము 2వ అధ్యాయమునకు వచ్చుసరికి, యెహోషువ తరము గతించగానే దేవుని ఎరుగని తరము లేచెను. వందల యేండ్లు పట్టలేదు. ఒక్క తరము చాలెను.

మన సాగరు లోయలోనే ఇట్టి పాఠమున్నది. మూడవ, నాలుగవ శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులు ఏలిన విజయపురి అక్కడ ఉండెను. జలాశయము నిండకముందు పండితులు త్రవ్వకములు జరిపి, ముఖ్యమైన శిథిలములను కొండమీదికి చేర్చిరి. నేడు ఆ నాగార్జునకొండ నీటి నడుమ ద్వీపముగా నున్నది. రాళ్లు భద్రముగానే యున్నవి. కాని ఆ ఇండ్లలో దీపము పెట్టిన తరువాత తల్లి తన బిడ్డకు ఏమి చెప్పెనో ఆ రాళ్లలో ఏదియు చెప్పలేదు.

ఇక మన సంఘముల చరిత్ర చూడుడి. కృష్ణకు దక్షిణమున ఒంగోలు సీమలో, తోళ్ల వ్యాపారము చేయుచుండిన యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొందెను. ఒంటరిగా కాదు, ఆయన భార్య నాగమ్మయు ఆయనతోకూడ పొందెను. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను. గొప్ప కరవు వెనుక, 1878 జూలై 3వ తేదీన, ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ యేటి చివరకు సభ్యులు పండ్రెండు వేలకు మించిరి. కృష్ణకు ఈవలి ఒడ్డున, నల్లగొండలో, 1890లో రష్యా దేశమునుండి వచ్చిన అబ్రహాము ఫ్రీసెన్ అను మిషనరీ సేవ ఆరంభించెను.

ఒక్క క్షణము ఆలోచించుడి. ఒక దినమున 2,222 మంది! మరునాటి ఉదయమున వారి పిల్లలకు ప్రార్థన నేర్పుటకు ఎందరు మిషనరీలు కలరు? వేళ్లమీద లెక్కింపవచ్చును. నీటిలో ముంచినవారు తెలుగు బోధకులు; కాని ఇంటికి వచ్చి బిడ్డ చేతులు జోడించి మోకరింపజేసినది తల్లి. ఆనాటి పల్లె విశ్వాసులలో అనేకులకు అక్షరము రాదు. వినిన వాక్యమును నోటికి నేర్చుకొనిరి, కీర్తనను కంఠస్థము చేసిరి, దానినే పిల్లలకు అప్పగించిరి. విదేశ మిషనరీలు వెళ్లిపోయి చాలకాలమాయెను. సంఘము నిలిచియున్నది. ఇండ్లలో చెప్పినవారు ఉండిరి గనుకనే నిలిచెను.

"మా పిల్లలు సండే స్కూలుకు పోవుచున్నారు గదా" అని మీరనవచ్చును. మంచిదే. అయితే వారమునకు ఒక్క గంట అక్కడ, తక్కిన గంటలన్నియు మీయొద్ద! బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు మీరు ఎవరిని పిలిచెదరో, పంట పోయినప్పుడు మీ నోట ఏ మాట వచ్చునో, పాలివానితో తగవు వచ్చినప్పుడు ఎట్లు నడుచుకొందురో పిల్లలు చూచుచున్నారు. అదియే వారి మొదటి బైబిలు. "నా భర్త గుడికి రాడు, నేనొక్కతెనే ఏమి చేయగలను?" అను తల్లీ, తిమోతిని తలంచుకొనుము. అతని తండ్రి గ్రీసు దేశస్థుడు. అయినను అవ్వయైన లోయి, తల్లియైన యునీకే ఆ బిడ్డ హృదయములో విశ్వాసము నాటిరి.

కాబట్టి ప్రియులారా, ఈ రాత్రియే ఆరంభించుడి. నాట్లు వేసి అలసి వచ్చితిరా? పది నిమిషములు చాలును. భోజనమునకు ముందు సెల్‌ఫోను ప్రక్కన పెట్టుడి. ఒక కీర్తన పాడి, నాలుగు వచనములు చదివి, బిడ్డల పేరుపేరున ప్రార్థించుడి. చదువు రానివారు పిల్లలచేత చదివించి వినుడి. వారమునకొక దినము మీ ఇంటి కథ చెప్పుడి: మన వంశములో మొదట ఎవరు నమ్మిరి, ఎవరు ఎగతాళి చేసిరి, ఏ కరవులో దేవుడు ఎట్లు పోషించెను. తాత బ్రదికియుండగా ఆయనచేతనే చెప్పించుడి. రేపు పిల్లలు సూర్యాపేటకో, హైదరాబాదుకో చదువుకు పోవుదురు. అక్కడ హాస్టలు గదిలో వారివెంట మీరుండరు. మీరు చెప్పిన మాట యుండును.

జలాశయము నిండియున్నను పిల్లకాలువ పూడిపోయినయెడల మడి యెండిపోవును. మీ ఇల్లే ఆ పిల్లకాలువ. ప్రభువు దానిని పూడనియ్యక కాపాడునుగాక! ఆమేన్.